తప్పు ఏ కొసన ఉందో చెప్పండి

గౌరవనీయులైన మెదక్ జిల్లా కలెక్టర్ గారికి,

నిజాంపేట మండల కేంద్రంలో ఇంటికి వైఫై కనెక్షన్ పెట్టించుకున్న కుటుంబాలు ప్రజావాణిలో సమర్పించుకుంటున్న వినతిపత్రం.

విషయం: ఇంటర్నెట్ లోపాలు ఎక్కడున్నాయో తేల్చి, రాసిచ్చి, గడువులోగా బాగుచేయించడం గురించి.

ఆర్యా,

నెట్ పోయిందని ఫోన్ చేస్తే అవతలి నుంచి వచ్చే మాట ఒక్కటే: "బాక్స్ ఆఫ్ చేసి, రెండు నిమిషాలు ఆగి ఆన్ చెయ్యండి." చేస్తాం, రాదు. మళ్లీ ఫోన్ చేస్తాం. "మా దిక్కు అంతా మంచిగనే ఉంది, మీ ఇంట్లనే ఏదో ఉంది, చూసుకోండి" అంటారు. ఆ సాయంత్రానికి ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ వస్తుంది. ఆ మెసేజ్ కూడా సిమ్ డేటా మీదే చదువుకోవాలి.

తీగ అన్నాక తెగుతుంది. కోతులున్న ఊరు, వానలు పడే ఊరు, ఎక్కడో ఒకచోట జేసీబీ తవ్వుతుండే ఊరు మాది. అంతమాత్రానికే కలెక్టరేట్ మెట్లు ఎక్కేవాళ్లం కాదు. లోపం ఎక్కడుందో చూడకుండానే దాన్ని మా గడప లోపలికి తోసేసి చేతులు దులుపుకోవడం మీదే మా అభ్యంతరం.

ఈ పని ఎట్లా జరగాలో కొంచెం వివరంగా చెప్పుకోనివ్వండి, ఎందుకంటే మా డిమాండ్లన్నీ ఇక్కడి నుంచే పుట్టాయి. ఇంట్లో ఫోన్‌కు నెట్ రావాలంటే మూడు అంచెలు సరిగ్గా ఉండాలి. ఫోన్‌కూ బాక్స్‌కూ మధ్య గాలిలో నడిచే వైఫై ఒకటి. బాక్స్ నుంచి వీధి స్తంభం మీదుగా జంక్షన్ దాకా వెళ్లే సన్నటి ఫైబర్ రెండోది. అక్కడి నుంచి సంస్థ యంత్రాల దాకా, ఆపైన బయటి ప్రపంచం దాకా ఉన్న లైను మూడోది. మొదటి అంచె మాది, మిగతా రెండూ సంస్థవి. ఏది చెడిందో తెలుసుకోవడానికి ఇంజనీరే రానక్కర్లేదు, సగం సంగతి బాక్స్ మీది లైట్లే చెబుతాయి. పీఓఎన్ అని రాసి ఉన్న లైటు పచ్చగా నిలకడగా వెలగాలి. దాని పక్కన ఎల్ఓఎస్ అనే లైటు ఎర్రగా కొట్టుకుంటోందంటే బాక్స్‌కు వెలుతురే అందడం లేదని అర్థం. అప్పుడు బాక్స్‌ను వందసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా లాభం లేదు. తీగ వంగి ఉండాలి, తెగి ఉండాలి, లేదా అతుకు ఊడి ఉండాలి.

లైట్లన్నీ పచ్చగానే ఉండి, ఫోన్‌లో వైఫై గుర్తు నిండుగా ఉండి, నెట్ మాత్రం లేకపోతే అది వేరే కథ. బాక్స్‌కూ కంప్యూటర్‌కూ మధ్య లాన్ వైరు పెట్టి చూస్తే చాలు. వైరు మీద నెట్ వచ్చి గాలిలో రాకపోతే లోపం ఇంట్లోనే. వైరు మీదా రాకపోతే ముందు సంస్థ తన లైను చూసుకోవాలి. ఈ పరీక్షకు ఐదు నిమిషాలు చాలు. ఫోన్ ఎత్తినవాళ్లు దీన్ని అడగనే అడగరు.

ఇంటి లోపలి అంచె సంగతి మేం చూసుకుంటాం, అందులో వాదన లేదు. ఇనుప బీరువా మీద, గోడమూలన, టీవీ వెనకాల బాక్స్ పెడితే సిగ్నల్ వంటింటి దాకా రాదు. మట్టిగోడల పాత ఇళ్లలోనూ, మధ్యలో కాంక్రీటు స్తంభాలున్న కొత్త ఇళ్లలోనూ అదే తిప్పలు. మాకిచ్చిన బాక్సుల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉంది. అందులో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగలిగినవి 1, 6, 11 అనే మూడు ఛానళ్లే. గోడలు కలిసిన ఇళ్ల వరుసలో అన్ని బాక్సులూ ఒకే ఛానల్ మీద కూర్చుంటే రాత్రి తొమ్మిదింటికి అందరి వీడియోలూ తిరుగుతూనే ఉంటాయి. ఛానల్ మార్చుకుందామంటే బాక్స్ లోపలికి పోయే పాస్‌వర్డ్ మాకు ఇవ్వరు. 5 గిగాహెర్ట్జ్ అనే రెండో పట్టీని (బ్యాండ్‌ను) లైసెన్సు లేకుండా వాడుకునే వీలును కేంద్రం 2018 అక్టోబరులోనే పెంచింది. ఇప్పటికీ ఒంటి పట్టీ బాక్సులే అంటగడుతుంటే ఏమనుకోవాలి?

కాబట్టి మా మొదటి డిమాండ్, అన్నిటికంటే ముఖ్యమైనది: ఫిర్యాదు మూసే ముందు లోపం ఏ అంచెలో ఉందో సంస్థ రాతపూర్వకంగా, మెసేజ్ రూపంలోనైనా సరే, చెప్పాలి. అందులో బాక్స్‌కు అందుతున్న వెలుతురు కొలత ఉండాలి. ఇది రహస్యమేమీ కాదు. సంస్థ కంప్యూటర్‌లో కనబడేదే, టెక్నీషియన్ చేతిలోని చిన్న మీటరు చూపించేదే. సాధారణ ఇంటి బాక్స్ మైనస్ 27 డీబీఎం వరకు తట్టుకునేలా తయారవుతుంది. అంతకంటే కిందికి పోతే నెట్ వస్తూ పోతూ ఉంటుంది. గత వానాకాలంలో ఒక వీధిలో ఇదే జరిగింది. వాన లేనప్పుడు బాగానే ఉండేది, వాన పడితే పోయేది. ఇంట్లో బాక్స్ మార్చారు, అడాప్టర్ మార్చారు, ఫోన్లలో వైఫైని మర్చిపోయేలా చేసి మళ్లీ కలిపారు. చివరికి ఒక కుర్రాడు మీటరు తెచ్చి బాక్స్‌కు వచ్చే పసుపు తీగను దానికి పెట్టి చూస్తే మైనస్ 31. స్తంభం మీద నల్ల టేపు చుట్టి వదిలేసిన అతుకులోకి నీళ్లు పోతున్నాయి. ఆ అంకె మొదటి రోజే చెప్పి ఉంటే ఆ ఇంటివాళ్లు కొత్త బాక్స్‌కు డబ్బు పెట్టేవాళ్లే కాదు.

దీని వెంటే పాస్‌వర్డ్ సంగతి. బాక్స్ అప్పగించేటప్పుడే దాని సెట్టింగుల పాస్‌వర్డ్, తెలుగులో ఒక పేజీ సూచనలు ఇవ్వాలి. ఏ లైటు అంటే ఏమిటో, ఛానల్ ఎట్లా మార్చాలో ఆ కాగితంలో ఉండాలి. కొత్త కనెక్షన్లకు రెండు పట్టీల బాక్సులే ఇవ్వాలి.

ఫిర్యాదు నంబరు ఇవ్వకుండా "రాసుకున్నం లెండి" అనడం ఆగాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ డాకెట్ నంబరు ఇవ్వాలి. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు, దాన్ని 39 రోజుల్లో తేల్చాలి. నంబరే లేనప్పుడు అప్పీలు దేనిమీద చేస్తాం?

అద్దె వాపసు మాట కూడా చెప్పాలి. లోపం మూడు పని దినాలు దాటితే ఏడు రోజుల అద్దె, ఏడు దాటితే పదిహేను రోజులది, పదిహేను దాటితే నెల అద్దె మొత్తం తిరిగివ్వాలని ట్రాయ్ 2006లోనే బ్రాడ్‌బ్యాండ్‌కు లెక్క పెట్టింది. 2024 అక్టోబరు 1 నుంచి అమలైన కొత్త నిబంధనల్లో మొబైల్ సేవలు జిల్లా స్థాయిలో 24 గంటలకు మించి నిలిచిపోతే బిల్లు తగ్గించాలని ఉంది. మంచిదే. కానీ జిల్లా అంతా పోతేనే లెక్క అయితే, ఒక్క నిజాంపేటలో పోయిన మొబైల్ నెట్ ఆ లెక్కలోకి రాదు. అందుకే గ్రామాన్ని యూనిట్‌గా తీసుకుని నష్టం లెక్కగట్టేలా జిల్లా యంత్రాంగం తరఫున ట్రాయ్‌కు లేఖ రాయాలని కోరుతున్నాం.

ఇక వీధిలోని తీగలు. మురికి కాలువ కోసమో నల్లా పైపు కోసమో తవ్విన ప్రతిసారీ ఫైబర్ తెగుతోంది. తవ్వేవాళ్లు ముందుగా కేబుల్ యజమానులకు కబురు పెట్టేందుకు కేంద్రం 2023 మార్చి 22న 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ తెచ్చింది. మండలంలో పని చేసే ప్రతి కాంట్రాక్టరూ అందులో నమోదు చేసిన తర్వాతే బకెట్ దించాలని ఆదేశాలివ్వాలి. స్తంభాల మీద వేలాడే కేబుళ్లను ఊరి దారుల్లో హార్వెస్టర్లు, గణపతి ట్రాక్టర్లు లాక్కుపోతున్నాయి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక స్తంభాల మీది కేబుళ్లు తీసేసే పని నగరంలో ముమ్మరమైంది. మా దగ్గర కూడా అట్లాంటి రోజు వస్తే ఒక్క పూటలో అన్నీ కోసేయకుండా, ఎత్తు కొలిచి సరిచేయడానికి ముందుగా గడువిచ్చి నోటీసు ఇప్పించండి. ప్రాణం ముందు, నెట్ తర్వాత. ఆ వరుసలో మాకు తేడా లేదు.

కరెంటు పోతే ఇంట్లో బాక్స్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకుంటున్నాం. జంక్షన్‌లోని యంత్రానికి బ్యాటరీ లేకపోతే మా యూపీఎస్ దేనికి? అక్కడా బ్యాటరీ ఉండాలి, అది పనిచేస్తోందో లేదో చూసే మనిషి ఉండాలి. మండల కేంద్రంలోనే ఒక టెక్నీషియన్, ఫైబర్ అతికే యంత్రం ఉంటే రామాయంపేట నుంచి ఎవరో వచ్చేదాకా ఎదురుచూపులు తప్పుతాయి.

గ్రామ పంచాయతీలకు ఫైబర్ వేసేందుకు 2011 అక్టోబరులో ఆమోదం పొంది తర్వాత భారత్‌నెట్ అయిన పథకానికి 2023 ఆగస్టులో కేంద్రం 1,39,579 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి నెట్ వచ్చేలా లైన్లను వలయంగా కలపడం అందులో ఉంది. పొరుగు సంగారెడ్డి జిల్లా సంగుపేటలో 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వ టీ-ఫైబర్ పైలట్ మొదలైంది. మా మండలానికి ఆ వలయం ఎప్పుడు, ఏ దారిన వస్తుందో పంచాయతీ బోర్డు మీద రాయించండి. దోస్త్‌లో డిగ్రీ సీటుకు ఆప్షన్లు పెట్టే పిల్లలు, భూభారతి కాగితాలు చూసుకునే రైతులు, ఇంటి నుంచి ఉద్యోగం చేసే కోడళ్లు, కొడుకులు ఆ బోర్డు దగ్గరికొచ్చి చదువుకుంటారు.

మా ఊరికి ఇంటర్నెట్ ఇస్తున్న సంస్థల ప్రతినిధులను, పంచాయతీ, విద్యుత్, రోడ్ల శాఖల అధికారులను ఒకచోట కూర్చోబెట్టి పదిహేను రోజుల్లోగా సమావేశం ఏర్పాటు చేయాలని, అందులో మా తరఫున ఇద్దరికి మాట్లాడే అవకాశం ఇవ్వాలని ప్రార్థిస్తున్నాం. ఇప్పటిదాకా వచ్చిన "పరిష్కారమైంది" మెసేజ్‌ల ప్రతులు, మీటరు కొలతల ఫొటోలు ఈ వినతిపత్రానికి జతచేశాం.

ఇట్లు
నిజాంపేట వైఫై వినియోగదారులు
(సంతకాలు జతపరిచిన కాగితాలపై)