కారు కొనేదెవరు? ఎక్కేదెవరు?

"ఇంకా ఆ డిక్కీ కారే కొంటావా అన్నయ్యా? ఇప్పుడందరూ ఎస్.యు.వి.లే కొంటున్నారు. ఎత్తుగా కూర్చుంటే ఆ దర్జాయే వేరు!"

హైదరాబాదు నుంచి మా మరిది ఫోనులో అన్న ఈ ఒక్కమాట మా ఇంట్లో నెల రోజుల చర్చకి కారణమైంది. చర్చ అని మర్యాదకి అంటున్నాను గానీ, అందులో రెండు పూటల అలకలు, ఒక పూట మౌనవ్రతం కూడా ఉన్నాయి.

మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు మా వీధుల్ని ముంచెత్తిన సంగతి మీరంతా చదివే ఉంటారు. ఇంటి ముందు నిలిపిన మా పదేళ్ళ సెడాన్ కారు అద్దాల దాకా నీళ్ళలో రోజుల తరబడి నానింది. నీళ్ళు తీశాక తలుపు తెరిస్తే సీట్ల నిండా బురద. డాష్‌బోర్డు మీద వెంకన్న బొమ్మ ఒక్కటే చెక్కుచెదరకుండా ఉంది. అత్తయ్య దానికే దండం పెట్టుకుని "పోనీలే, మనుషులం మిగిలాం" అంది. ఇన్సూరెన్సు డబ్బు బ్యాంకులో వేసుకుని, ఏడాదికి పైగా ఆటోల్లోనూ స్కూటరు మీదా కాలక్షేపం చేశాం.

2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల మీద పన్ను మారింది కదా, దాంతో మావారికి హుషారు వచ్చింది. ఒక రాత్రి భోజనాల దగ్గర పెరుగు కలుపుకుంటూ, "కారు బుక్ చేశానోయ్. ఏడు సీట్లది. నీకు చెప్పకుండా ఆశ్చర్యపరుద్దామనుకున్నా" అన్నారు. నేను ఆశ్చర్యపోయిన మాట నిజమే. కానీ ఆయన అనుకున్న రకంగా కాదు.

ఎందుకంటే మావారు రోజూ ఏలూరుకి రైల్లో వెళ్ళొస్తారు. పిల్లల్ని బడికి దింపేది, అత్తయ్యని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది, రైతుబజారుకి వెళ్ళేది, పండగలకి దివిసీమలో మా పుట్టింటికి కాలవగట్టు రోడ్డు మీద నడిపేది నేను. పాత కారు మీటరులో తిరిగిన కిలోమీటర్లలో ముప్పాతిక నా చేతిమీదవే. అయినా కొత్త కారు అనేసరికి అది 'ఆయన కారు' అయిపోయింది! గ్రైండరు కొనేటప్పుడు "నువ్వు వాడేది కదా, నువ్వే చూసుకో" అనే మగవారు, కారు దగ్గరికొచ్చేసరికి ఆ న్యాయం ఎందుకు మరిచిపోతారో నాకు అర్థం కాదు.

పోట్లాడలేదు. ఒక్కటే అడిగాను. "ఆ బండిని ఒకసారి మన వీధిలోకి తెప్పించండి. డబ్బు మొత్తం కట్టేలోపు నేనూ, అత్తయ్యా ఎక్కి చూస్తాం" అన్నాను.

ఆదివారం పొద్దున్నే బండి వచ్చింది. తెల్లగా, ఏనుగులా ఉంది. వీధి పిల్లలంతా చుట్టూ మూగారు. షోరూము కుర్రాడు మావారికి ఇంజను గురించి, గేర్ల గురించి పావుగంట చెప్పాడు. నావైపు తిరిగి, "ఈ అద్దం చూడండి మేడమ్, మేకప్పు సరిచేసుకోవడానికి లైటు కూడా ఉంది" అన్నాడు. "తాళం ఇలా ఇవ్వు నాయనా" అన్నాను.

డ్రైవరు సీటులో కూర్చున్నాను. ఇంజను ఇంకా తిప్పలేదు. సీటుని వీలైనంత పైకి లేపుకుని, ముందుకి జరుపుకుంటున్నాను. నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. ఎదురుగా అంతా ఖాళీగా, నిజంగానే దర్జాగా కనిపించింది. ఇంతలో ఎదురింటి మామ్మగారు అరుగు మీంచి "ఒరే చంటీ, అక్కణ్ణించి లే!" అని కేకేశారు. ఎవర్ని కేకేస్తున్నారా అని దిగి చూశాను. నాలుగేళ్ళ చంటిగాడు సరిగ్గా బంపరు ముందు నిలబడి, మెరిసే కంపెనీ గుర్తుని చేత్తో తడుముతున్నాడు. నా సీట్లోంచి వాడి జుట్టు కూడా కనబడలేదు!

ఒళ్ళు జలదరించింది. ఇంజను ఆగి ఉంది కాబట్టి సరిపోయింది. ఎత్తైన బండిలో కూర్చుంటే దూరంగా ఉన్నవి బాగా కనిపిస్తాయి, ముక్కు కింద ఉన్నవి కనబడవు. ముందు బానెట్ ఎంత ఎత్తుగా, ఎంత పొడుగ్గా ఉంటే ఆ చీకటికోణం అంత పెరుగుతుంది. మన దేశంలో 2019 జులై నుంచి కొత్తగా అమ్మే కార్లకి వెనక అడ్డం ఉంటే కూతపెట్టే సెన్సార్లు తప్పనిసరి చేశారు. ముందువైపుకి అలాంటి నిబంధన లేదు. మా వీధిలాంటి వీధుల్లో పిల్లలు ఆడుకునేది బండి ముందూ వెనకా కాక ఇంకెక్కడ?

తరవాత అత్తయ్య వంతు. ఒక మోకాలికి ఆపరేషను అయింది, రెండోది ఈడ్చుకొస్తోంది. పాత సెడాన్‌లో కూర్చోవడం సులువే, లేవడమే నరకం. నూతిలోంచి చేదినట్టు రెండు చేతులూ పట్టి లాగేవాళ్ళం. ఈ పెద్ద బండికేమో ఎక్కడమే కష్టమైంది. మెట్టు మీద కాలు పెట్టి, పిడి పట్టుకుని, రెండుసార్లు ప్రయత్నించి, "నావల్ల కాదే అమ్మా, నేను ఆటోలో వస్తాలే" అని నవ్వేసింది. ఆ నవ్వు చూసి మావారి ముఖం చిన్నబోయింది. వాళ్ళమ్మని శ్రీశైలం తీసుకెళ్ళాలనే కదా పాపం ఆయన కూడా పెద్ద బండి అనుకున్నది.

అప్పుడు కూర్చుని నిదానంగా మాట్లాడుకున్నాం.

మావారి మొదటి వాదన వరద. "ఎత్తు బండి అయితే మునిగేది కాదు" అంటారు. ఆ సెప్టెంబరులో మా పేటలో ఎత్తు బండ్లు, పల్లపు బండ్లు అన్నీ ఒకే వరసలో మునిగాయి. మోకాలి లోతు వాననీళ్ళకైతే కొంత ఎత్తు ఉపయోగపడుతుంది, కాదనను. కానీ పారే నీళ్ళ సంగతి వేరు. ఒక అడుగు లోతు ప్రవాహం చిన్న కార్లని తేల్చేయగలదు, రెండడుగుల ప్రవాహం ఎస్.యు.వి.లతో సహా చాలా వాహనాల్ని కొట్టుకుపోనిస్తుంది. ఎత్తు బండి ఉందన్న ధైర్యంతో వాగులోకి దిగడం కంటే, లేదన్న భయంతో ఒడ్డున ఆగడమే క్షేమం. ఇంకోమాట: నీళ్ళలో ఇంజను ఆగిపోతే మళ్ళీ తాళం తిప్పకూడదు. గాలి వెళ్ళేచోట నీళ్ళు చేరి ఇంజను లోపలి కడ్డీలు వంగిపోతాయి. అలా చెడిన ఇంజనుకి మామూలు పాలసీలో డబ్బు రావడం కష్టం. ఇంజను రక్షణ అని విడిగా తీసుకునే పాలసీ ఒకటుంది, మాలాంటి పేటల వాళ్ళు అది తీసుకోవడం మంచిది.

రెండో వాదన రోడ్లు. ఇక్కడ ఆయన మాటే నిజం. అయిదుగురు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా వేస్తే మా పాత కారు పొట్ట ప్రతి స్పీడ్ బ్రేకరుకీ గీసుకునేది. కాలవగట్టు గుంటల్లో ఆ చప్పుడుకి నా ప్రాణం ఉసూరుమనేది. నేల నుంచి నాలుగు వేళ్ళు ఎక్కువ ఎత్తు ఉంటే ఆ బాధ ఉండదు.

మూడోది భద్రత. "పెద్ద బండి గట్టిది" అని అందరూ అంటారు. బరువు ఎక్కువైతే ఎదుటి బండి కన్నా కొంత కాపు ఉంటుందేమో గానీ, ఎత్తు వేరు, గట్టిదనం వేరు. ఎత్తైన బండికి బరువంతా పైన ఉంటుంది కాబట్టి, హఠాత్తుగా తిప్పితే ఒరిగే గుణం ఎక్కువ. శ్రీశైలం ఘాట్ రోడ్డు మలుపుల్లో పల్లపు కారు నేలని కరుచుకుని పోతుంది, ఎత్తు బండి అటూ ఇటూ ఊగుతుంది. వాంతులయ్యే పిల్లలున్నవాళ్ళకి ఆ తేడా బాగా తెలుస్తుంది. 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు నక్షత్రాలు తెచ్చుకున్న టాటా నెక్సాన్ ఎత్తు కారే. 2024లో అదే సంస్థ దగ్గర అయిదు నక్షత్రాలు తెచ్చుకున్న మారుతీ డిజైర్ డిక్కీ కారే! 2023 అక్టోబరు నుంచి మన దేశానికే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు వచ్చాయి. పెద్దలకి ఎన్ని నక్షత్రాలు, పిల్లలకి ఎన్ని నక్షత్రాలు అని విడివిడిగా చెబుతారు. నగ కొనేటప్పుడు హాల్‌మార్కు చూసే మనం, పిల్లల్ని కూర్చోబెట్టే బండికి ఆ నక్షత్రాలు చూడొద్దా?

మన ఆడవాళ్ళు గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. ఈ పరీక్షల్లో ఎక్కువగా వాడే బొమ్మ సగటు మగవాడి కొలతలతో చేసింది. సగటు ఆడమనిషి కొలతలతో, వెనక నుంచి గుద్దే ప్రమాదాల కోసం తగిన బొమ్మని స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ అనే ఇంజనీరు బృందం 2022లో గానీ చూపించలేదు. పొట్టివాళ్ళం పెడల్స్ అందుకోవడానికి ముందుకి జరుగుతాం, స్టీరింగు గుండెకి దగ్గరవుతుంది. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే వేగానికి అదే ప్రమాదం. గుండెకీ స్టీరింగుకీ మధ్య పది అంగుళాలు, అంటే జానెడు మీద కాస్త, ఎడం ఉండాలంటారు. సీటు ఎత్తు, స్టీరింగు రెండూ మనకి కావలసినట్టు జరిగే బండిలోనే అది కుదురుతుంది. ఇది షోరూములో మనం కూర్చుని చూసుకోవాలే గానీ, మన బదులు మావారో మరిదో కూర్చుంటే తెలిసేది కాదు.

ఇక పన్ను. ఎస్.యు.వి. అంటే పన్ను ఎక్కువ, సెడాన్ అంటే తక్కువ అని చాలామంది అనుకుంటున్నారు. అది సరికాదు. పొడవు నాలుగు మీటర్ల లోపు ఉండి, ఇంజను పెట్రోలుదైతే 1200 సి.సి., డీజిలుదైతే 1500 సి.సి. దాటకపోతే 18 శాతం. అవి దాటితే, ఎత్తైనా పల్లమైనా 40 శాతం. కాబట్టి బేరం ఆకారంలో లేదు, అంగుళాల్లో ఉంది.

నిజం చెప్పొద్దూ, నా మనసు సెడాన్ మీదే ఉంది. మైలేజీ కాస్త ఎక్కువ. డిక్కీ విడిగా ఉంటుంది, ఊరి నుంచి తెచ్చే ఎండుచేపల వాసన లోపలికి రాదు. పదేళ్ళు నడిపిన చెయ్యి కూడా. కానీ అత్తయ్యని నూతిలోంచి చేదడం మళ్ళీ మొదలవుతుందే! నాకు అలవాటు కాబట్టి అదే కావాలనడం కూడా, ఆయన దర్జాకోసం పెద్దది కావాలనడం లాంటిదే కదా అనిపించింది.

చివరికి ఏం చేశామంటే, అత్తయ్యని వెంటబెట్టుకుని మూడు షోరూములు తిరిగాం. ఒక్కొక్క కారులో ఆవిడ చేత కూర్చోబెట్టి, లేపించాం. కుర్చీలో కూర్చున్నంత సులువుగా, నడుము ఎత్తులో సీటున్న చిన్నరకం ఎస్.యు.వి. ఒకటి దొరికింది. పక్కకి కూర్చుని రెండు కాళ్ళూ లోపలికి తిప్పుకుంది, ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. "ఇది బావుందే" అంది. పొడవు నాలుగు మీటర్ల లోపే. నా సీట్లోంచి బానెట్ అంచు కనబడుతోంది. మా అమ్మాయిని ముందు నిలబెట్టి మరీ చూసుకున్నాను. మావారు బుకింగు రద్దు చేసుకున్నారు. మిగిలిన డబ్బులో కొంత ఆరు ఎయిర్‌బ్యాగులున్న రకానికి వేశాం. మూడో వరస సీట్లు ఏడాదికి రెండుసార్లు బంధువులొస్తేనే కదా కావాల్సింది, అప్పుడు అద్దె బండి పిలవచ్చు.

ఏ కారు కొన్నా వెనక సీటు బెల్టు మాత్రం మరిచిపోకండి. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ఖరీదైన కారులో, వెనక సీట్లో, బెల్టు లేకుండానే పోయారని పోలీసులు చెప్పారు. 2019 సవరణ చట్టం ప్రకారం బెల్టు పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి పెట్టకపోయినా అంతే. జరిమానా మాట అలా ఉంచండి. ఒళ్ళో పాపాయిని పట్టుకుంటే చాలనుకునే తల్లులు ఇంకా ఎంతమంది లేరు! గుద్దుకున్న క్షణంలో ఏ తల్లి చేతులకీ ఆ బలం చాలదు.

కారు నడపని అక్కచెల్లెళ్ళకీ ఒకమాట. నడపకపోయినా ఎక్కేది మీరు, మీ పిల్లలు, మీ ఇంటి పెద్దలు. వాయిదాలు కట్టే అయిదేళ్ళూ ఇంటిఖర్చు సర్దేది కూడా మీరే. "నాకేం తెలుసు, మీ ఇష్టం" అనకండి. షోరూముకి వెళ్ళండి. ముందు సీట్లో కూర్చోండి, వెనక సీట్లో కూర్చోండి, మధ్యలో కూర్చునేవారికి కూడా భుజం మీంచి వచ్చే బెల్టు ఉందో లేదో లాగి చూడండి. అత్తగారినో అమ్మనో ఎక్కించి, దింపి చూడండి. నలుగురి మోకాళ్ళూ, పిల్లల తలలూ కొలిచి కొన్న బండిని చూసి మరిది ఏమనుకుంటే మనకేం?

మా మరిది మొన్న దీపావళికి వచ్చాడు. బండి చుట్టూ తిరిగి చూసి, "బానే ఉంది గానీ, కాస్త చిన్నది వదినా" అన్నాడు. అత్తయ్య అప్పటికే ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని, "గుడికి టైమవుతోంది, ఎక్కరా" అంది.