రహీం సారుని స్లైడుల్లో ఇరికించకండి బాబూ

ఏ కంపెనీలో చూసినా ఇదే గోల. "లీడర్‌షిప్ ట్రైనింగ్" అని ఏసీ గదిలో కూచోబెట్టి, 2024 లో వచ్చిన "మైదాన్" క్లిప్పు ఒకటి వేస్తారు. జబ్బుతో దగ్గుతున్న కోచ్ నాలుగు మాటలు చెప్తాడు, కుర్రాళ్ళెళ్ళి గోల్డు కొట్టుకొచ్చేస్తారు. లైట్లు వెయ్యగానే "దీన్నించి మనం ఏం నేర్చుకున్నాం?" అని ప్రశ్న. మాటలు చెప్తే పనైపోతుందని నేర్చుకున్నాం, ఇంకేముంది!

నాకు మండేది ఇక్కడే. సయ్యద్ అబ్దుల్ రహీం (1909-1963) హైదరాబాదులో బడిపంతులు. దేశానికి కోచ్ గా ఎంత పేరొచ్చినా, ఏడాది పొడుగునా ఆయన అసలు పని హైదరాబాద్ సిటీ పోలీసు టీముతో. 1950 నుంచి 1954 దాకా బొంబాయి వెళ్ళి వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు పట్టుకొచ్చిన టీము అది. ఎలా? ఎడమ కాలు మొండికేసేవాడికి ఎడమ కాలితోనే మ్యాచ్‌లు. డ్రిబ్లింగ్ చెయ్యకూడదని రూలు పెట్టి మ్యాచ్‌లు. పొట్టివాళ్ళకి వేరే పోటీలు. మన భాషలో యూనిట్ టెస్టింగ్ అన్నమాట. ఆ క్లిప్పు మాత్రం ఎవడూ వెయ్యడు, బోరు కదా.

1951 ఏషియన్ గేమ్స్ లో గోల్డు తెచ్చినాయన టీమే, 1952 హెల్సింకీ ఒలింపిక్స్ లో యుగోస్లావియా చేతిలో 10-1 తో ఓడింది. మన అప్రైజల్ లో అయితే ఆ ఒక్క మ్యాచ్‌కే మనిషిని పిప్ లో పెట్టేసుందురు! 1956 మెల్‌బోర్న్ లో అదే కోచ్ నాలుగో స్థానం దాకా తీసికెళ్ళాడు. ఆ జట్టులో హైదరాబాదు కుర్రాళ్ళు బోలెడు మంది. జకార్తా, 1962: మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0 తో ఓటమి, ఫైనల్లో అదే కొరియా మీద 2-1 తో గెలుపు. తలకి కుట్లు పడ్డ డిఫెండరు జర్నైల్ సింగ్ ని ఫార్వర్డ్ గా ఆడించాడు, వాడు గోల్ కొట్టాడు. ఎవరు ఎక్కడ పనికొస్తారో రోజూ చూసినవాడికే ఆ ధైర్యం వస్తుంది. స్పీచ్ వల్ల రాదు.

మా నూజివీడులో చిన్నరసం బాగుంటే నున్న మార్కెట్లో వ్యాపారి పేరు మోగుతుంది. అంటు కట్టినవాడి పేరు తోట యజమానికే గుర్తుండదు. రహీం సారు విషయంలో చేస్తున్నదీ అదే: పండు పీపీటీలోకి, అంటు చెత్తబుట్టలోకి.

ఇంకో మాట. "ఆయన ఉర్దూ ఆయన, మనకేంటి" అనే మేధావులూ తగిలారు నాకు. సత్య నాదెళ్ళ పేరు చెప్పగానే పొంగిపోయే ఛాతీలే ఇవి! హైదరాబాదు మనదైనప్పుడు ఆ మాస్టారు మాత్రం కాకుండా ఎలా పోతాడు?

ఆయన పోయాక 1970 లో ఒక్క కాంస్యం వచ్చింది. గోల్డు మళ్ళీ లేదు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్లో మనం చివరిసారి ఆడింది 1960 లో, దానికీ ఆయనే కోచ్. అయినా మా వైపు ఆటల పీరియడంటే లెక్కల సారు మిగిలిన సిలబస్ లాగించే పీరియడే.

మనవాళ్ళు చందాలేసుకుని చదివిన బడికి స్మార్ట్ టీవీ కొనిస్తారు, కింద అందరి పేర్లూ రాయించుకుంటారు. అదే డబ్బుతో రెండేళ్ళ పాటు ఒక ఆటల మాస్టారికి జీతమిద్దామంటే మా గ్రూపులో ముగ్గురు తప్ప ఎవరూ పలకలేదు. మీ ఊళ్ళో ఎంతమంది పలుకుతారో అడిగి చూడండి.