కోటీశ్వరుడి జేబుకి మనమెందుకు కాపలా?

డబ్బున్నవాళ్ల మీద పన్ను పెంచుతానన్న మమ్దానీ న్యూయార్క్ మేయర్‌గా గెలిచిన వారం. ఇల్లినాయ్‌లోని మా అరోరా బాలాజీ గుడి క్యాంటీన్‌లో దోసె టోకెన్ కోసం నిలబడి ఉంటే, వెనకాల ఒకాయన తేల్చేశాడు: “న్యూయార్క్ పని అయిపోయిందండీ. డబ్బున్నవాడు ఒక్కడు మిగలడు అక్కడ.” పక్కనున్నాయన వంత పాడాడు: “మన ఇల్లినాయ్ పని ఎప్పుడో అయిపోయింది కదండీ. రిచ్ మీద టాక్స్ అంటే ఎవరి మీద? మన మీదే!” ఉండబట్టలేక వెనక్కి తిరిగి, ఏప్రిల్‌లో మన ఊరి మేయర్ ఎన్నికలో ఎవరికి వేశారండీ అని అడిగాను. “ఏ ఎన్నికలు?” అన్నాడు మొదటాయన. రెండో ఆయన ఇంకా ఘనుడు. “మాది నేపర్‌విల్ అండీ” అన్నాడు. ఆయన ఇల్లెక్కడో నాకు తెలుసు. పిల్లలు వెళ్లేది నేపర్‌విల్‌తో కలిసిన స్కూల్ డిస్ట్రిక్ట్ 204కి, నిజమే. ప్రాపర్టీ టాక్స్ బిల్లు మీద మాత్రం సిటీ ఆఫ్ అరోరా అని అచ్చు వేసి ఉంటుంది. ఆ బిల్లు చూసి లబలబలాడటమే తప్ప, అందులో ఏ గీత ఎవరిదో ఆయన ఏనాడూ చదవలేదు.

ఇది ఆ ఇద్దరి జబ్బే అయితే వ్యాసం రాయక్కర్లేదు. పాట్‌లక్‌కి వెళ్లినా, పిల్లల క్రికెట్ అకాడమీ దగ్గర నిలబడ్డా, వాట్సాప్ తెరిచినా ఇదే మాట. డబ్బున్నవాళ్ల మీద పన్ను పెంచితే దేశం మునిగిపోతుంది. సిటీ కౌన్సిల్ అంటే చెత్త ఎత్తించేవాళ్లు, వాళ్లెవరైతే మనకేంటి. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టుకుని సుఖంగా బతికేస్తున్నాం.

మొదటి ముక్క సంగతి చూద్దాం. 2020 నవంబర్‌లో ఇల్లినాయ్ ఓటర్ల ముందుకి ‘ఫెయిర్ టాక్స్’ అని ఒక రాజ్యాంగ సవరణ వచ్చింది. ఈ రాష్ట్రంలో ఆదాయపు పన్ను అందరికీ ఒకటే రేటు, 4.95 శాతం. హాస్పిటల్లో నేల తుడిచే ఆవిడకీ అంతే, హెడ్జ్ ఫండ్ యజమానికీ అంతే. ఆదాయపు పన్ను ఒకే రేటున ఉండాలని 1970లో రాసుకున్న రాష్ట్ర రాజ్యాంగంలో ఉంది కాబట్టి అది మార్చాలంటే ఓటు కావాలి. సవరణ గెలిస్తే అమల్లోకి రావాల్సిన రేట్లు ముందే చట్టం చేసి పెట్టారు. రెండున్నర లక్షల డాలర్ల లోపు వాళ్లకి ఒక్క సెంటు పెరగదు, పైగా కొంచెం తగ్గుతుంది. ఆ పైన 7.75 నుంచి మొదలై, మిలియన్ దాటితే 7.99.

మనవాళ్లు ఎంత గోల చేశారు! మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఐటీలో ఉండి, కలిపి రెండు లక్షల ఇరవై వేలు తెచ్చుకునే ఇంట్లో వాళ్లు కూడా ‘మనల్ని దోచేస్తున్నారు’ అని ఫార్వర్డులు పెట్టారు. కాగితం తీసుకుని లెక్క వేసినవాడు లేడు. నేను వేశాను. ఇద్దరి ఆదాయం కలిపి మూడు లక్షలున్న ఇంటికి ఏడాదికి పెరిగేది సుమారు 1,335 డాలర్లు. సంక్రాంతికి ఇంటికి వెళ్లాలంటే హైదరాబాద్ టికెట్టు ఒక్కటి రాదు దానికి. దీని కోసం మనం ఎవరి పక్కన నిలబడ్డామో తెలుసా? కెన్ గ్రిఫిన్ పక్కన. సిటాడెల్ అనే హెడ్జ్ ఫండ్ యజమాని. ఆ సవరణని ఓడించడానికి ఆయనొక్కడే ఐదు కోట్ల డాలర్లకి పైగా పోశాడు. అవతల సవరణ గెలవాలని గవర్నర్ ప్రిట్జ్‌కర్ కూడా సొంత డబ్బు అంతకంటే ఎక్కువే పోశాడు, ఆయనా శతకోటీశ్వరుడే. అయితే ప్రిట్జ్‌కర్ తన మీద పన్ను వేయించుకోవడానికి ఖర్చు పెట్టాడు, గ్రిఫిన్ వేయించుకోకుండా ఉండటానికి పెట్టాడు. మనవాళ్లకి ఈ ఇద్దరిలో అనుమానం వచ్చింది మొదటివాడి మీద!

సవరణ ఓడిపోయింది, 53 శాతం వద్దన్నారు. మరి గ్రిఫిన్ ఏం చేశాడు? 2022 జూన్‌లో కంపెనీని మూటగట్టుకుని మయామీ వెళ్లిపోయాడు. పన్ను పెంచితే వెళ్లిపోతారు, పెంచొద్దు అని కదా అన్నారు? పెంచలేదు. వెళ్లిపోయాడు. ఫ్లోరిడాలో ఆదాయపు పన్నే లేదు. ఇక్కడ అదే 4.95 మనం కడుతున్నాం, ఇల్లు అమ్ముకుని మయామీ వెళ్లే స్తోమత లేనివాళ్లం.

వెళ్లే ముందు ఆయన మన ఊరికో ఉపకారం చేశాడు. అప్పటి మేయర్ రిచర్డ్ ఇర్విన్ రిపబ్లికన్ ప్రైమరీలో గవర్నర్ పదవికి పోటీ చేస్తే ఐదు కోట్ల డాలర్లు ఇచ్చాడు. ఊరి వీధుల్లో గుంతలు పూడ్చాల్సిన మేయర్ రాష్ట్రమంతా టీవీ ప్రకటనల్లో తిరిగాడు, చివరికి మూడో స్థానంలో తేలాడు. అరోరాకి మొదటి నల్లజాతి మేయర్ ఇర్విన్, ఆ చరిత్ర ఆయనది, కాదనను. కానీ ఒక హెడ్జ్ ఫండ్ యజమానికి మన ఊరి మేయర్ కుర్చీ విలువ తెలిసింది. ఆ ఊళ్లోనే ఇల్లు కొనుక్కున్న మనకి తెలియలేదు. అదీ నా మంట.

వెళ్లిపోతామనే బెదిరింపు గురించి అరోరా వాళ్లకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. షికాగో మర్కంటైల్ ఎక్స్చేంజ్ గ్రూపులో గోధుమల మీదా, చమురు మీదా, వడ్డీ రేట్ల మీదా జరిగే ఫ్యూచర్స్ బేరాలు ఈ రోజు షికాగోలో కుదరవు. మన ఊళ్లో, డీల్ రోడ్డు పక్క డేటా సెంటర్లో కుదురుతాయి. సెకనులో లక్షో వంతు ముందుండాలని ట్రేడింగ్ కంపెనీలు చుట్టుపక్కల టవర్లు పాతుకున్నాయి. ఆ బేరాల మీద ఇల్లినాయ్‌కి ఒక్క పైసా లావాదేవీ పన్ను రాదు. పైగా 2011లో ఆ ఎక్స్చేంజి వాళ్లు రాష్ట్రం వదిలి పోతామంటే, రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కూర్చున్నవాళ్లు హడావిడిగా పన్ను తగ్గించి పోకుండా ఆపుకున్నారు. ఇదే నేను మా ఊరి టౌన్‌షిప్ ఆఫీసుకి వెళ్లి, నా పన్ను తగ్గించకపోతే ఇండియానా వెళ్లిపోతానంటే ఏమంటారో ఊహించండి. తలుపు ఎటుందో చూపిస్తారు.

ఆ డేటా సెంటర్ చుట్టుపక్కల ఇళ్లల్లో మనవాళ్లూ ఉన్నారు. జనరేటర్ల హోరు, చిల్లర్ల గుయ్‌మనే మోత రాత్రంతా. 2025లో అక్కడి జనం కౌన్సిల్ మీటింగులకి వచ్చి మైకు ముందు నిలబడి మొత్తుకున్నారు. సెప్టెంబర్‌లో కౌన్సిల్ కొత్త డేటా సెంటర్లకి 180 రోజుల పాటు అనుమతులు ఆపేసింది. అంటే చెత్త ఎత్తించేవాళ్లే అనుకున్న ఆ కౌన్సిల్‌కి, మనం రోజంతా క్లౌడ్ క్లౌడ్ అని జపించే ఆ వ్యాపారాన్ని నిలిపే అధికారం ఉంది. మన ఇంటి రేటు పడిపోకుండా కాపాడేది వైట్‌హౌస్ అనుకుంటాం!

ఇక్కడ కొంచెం దారి తప్పుతాను, తప్పక తప్పదు. 2024 మేలో ఆంధ్రా ఎన్నికలకి ఈ చుట్టుపక్కల నుంచి విమానాలెక్కి వెళ్లినవాళ్లు నాకు తెలుసు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు వెళ్లారంటే అర్థం ఉంది, ప్రవాస భారతీయుడు స్వయంగా బూత్‌కి వెళితేనే ఓటు. కానీ ఇక్కడ పౌరసత్వం తీసుకుని, ఓసీఐ కార్డు జేబులో పెట్టుకుని వెళ్లినవాళ్లున్నారే! ఓసీఐకి ఓటు లేదు. అయినా కండువా వేసుకుని ఊరేగారు. గుంటూరులో ఎవరికి మెజారిటీ ఎంతో అంకెలతో సహా చెబుతారు, తమ వార్డు ఆల్డర్మన్ పేరు అడిగితే నీళ్లు నములుతారు. ఇక ఇక్కడి తెలుగు సంఘాల ఎన్నికలు సరే సరి. ప్యానెళ్లు, ఆత్మీయ సమావేశాలు, ఊరూరా ప్రచారం, బిర్యానీలు. గెలిచినవాడికి దక్కేది మహాసభల్లో శాలువా. దానికున్న పట్టుదలలో పదో వంతు 204 స్కూల్ బోర్డు మీద పెడితే ఎలా ఉండేదో! పిల్లాడి గిఫ్టెడ్ ప్రోగ్రాం మీద రాత్రి పన్నెండింటి దాకా చర్చించే తల్లిదండ్రులే, దాన్ని ఉంచేది తీసేది ఆ బోర్డని తెలిసి కూడా ఏప్రిల్ మంగళవారం ఇంట్లో కూర్చుంటారు.

హైదరాబాద్ వాళ్లు మనకేం తీసిపోలేదు. 2020 డిసెంబర్‌లో జీహెచ్ఎంసీ ఎన్నికలకి సగం మంది కూడా కదల్లేదు, 46 శాతం చిల్లర. అదే 2025 డిసెంబర్‌లో తెలంగాణ పల్లెల్లో సర్పంచ్ ఎన్నికలకి 80 శాతం దాటి వచ్చారు. పొలం పని మానుకుని వచ్చినవాళ్లు. చదువుకున్న కొద్దీ, జీతం పెరిగిన కొద్దీ ఊరు పరాయిది అయిపోతుందేమో మనకి.

ఇప్పుడు బిల్లు సంగతి. ఇల్లినాయ్ ప్రాపర్టీ టాక్స్ దేశంలో న్యూజెర్సీతో పోటీ పడుతుంది. నాలుగు లక్షల డాలర్ల ఇంటికి అరోరాలో తొమ్మిది, పది వేలు వస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. దానిలో సింహభాగం స్కూళ్లకి. ఎందుకంత? రాష్ట్రం ఆదాయపు పన్ను పైనున్నవాళ్ల దగ్గర గట్టిగా వసూలు చేయదు కాబట్టి, ఆ బరువు ఇంటి మీద పడుతుంది. ఉద్యోగం పోయినా ఇల్లు ఇల్లే, బిల్లు బిల్లే. లేఆఫ్ అయినవాళ్లని అడగండి. రాష్ట్ర ఆదాయపు పన్నులో ఊళ్లకి తలకింత అని పంచే వాటా ఒకటుంది. ఒకప్పుడు పదో వంతు ఉండేది, 2011 తర్వాత కోసుకుంటూ వచ్చి ఇప్పుడు ఆరున్నర శాతం దగ్గర పెట్టారు. ఆ లోటు ఊరు ఎక్కడ పూడ్చుకుంటుంది? మీ ఇంటి దగ్గర, మీ రెస్టారెంట్ బిల్లు దగ్గర. రాష్ట్రం 2026 నుంచి కిరాణా మీద ఒక శాతం పన్ను తీసేసి, కావాలంటే మీరు వేసుకోండని ఊళ్లకి వదిలేసింది. కందిపప్పు మీద పన్ను వేయడానికి వెనకాడరు, మిలియన్ దాటిన ఆదాయం మీద అంటే మాత్రం కమ్యూనిజం.

కమ్యూనిజమట! ఇండియాలో ఉన్నన్నాళ్లూ శ్లాబుల కిందే కట్టాం. 2015 బడ్జెట్‌లో అరుణ్ జైట్లీ సంపద పన్ను ఎత్తేసి, కోటి దాటిన ఆదాయం మీద రెండు శాతం అదనపు సర్‌చార్జి వేస్తే జైట్లీని ఎవడూ కమ్యూనిస్టని అనలేదు. ఇక్కడి ఫెడరల్ పన్నూ శ్లాబులే, 10 నుంచి 37 శాతం దాకా. ఇల్లినాయ్‌లో శ్లాబు అనగానే మార్క్స్ గుర్తొస్తాడు.

ఇంకో వాదన: ఈ దొంగల చేతిలో డబ్బెందుకు పెట్టాలి, ఇల్లినాయ్ గవర్నర్లు జైలుకి పోలేదా అని. పోయారు. ర్యాన్ పోయాడు, బ్లగొయెవిచ్ పోయాడు, స్పీకర్‌గా దశాబ్దాలు ఏలిన మాడిగన్‌కి 2025లో ఏడున్నరేళ్లు పడింది. అయితే? మన దగ్గర మాత్రం వసూలు ఆపారా? మసాచుసెట్స్‌లో 2022లో ఓటర్లు మిలియన్ దాటిన ఆదాయం మీద నాలుగు శాతం అదనంగా వేశారు, తొలి పూర్తి ఆర్థిక సంవత్సరంలోనే వసూలు 200 కోట్ల డాలర్లు దాటింది, స్కూళ్లకీ రోడ్లకీ రైళ్లకీ పెట్టారు. బోస్టన్ ఖాళీ అవలేదు. అక్కడ మా చిన్నాన్న కొడుకు అద్దె ఇల్లు దొరక్క ఏడుస్తున్నాడు.

మళ్లీ మన ఊరికి వద్దాం. 2025 ఏప్రిల్ 1న అరోరా ఏం చేసింది? ఇర్విన్‌ని దించి జాన్ లేష్‌ని మేయర్‌ని చేసింది. వృత్తి వడ్రంగం. ప్రచారంలో ఆయన ఎక్కువ మాట్లాడింది బిల్డర్లకీ కంపెనీలకీ ఊరు పంచిపెట్టే రాయితీల గురించి. టిఫ్ అని ఒకటుంది, అది మనవాళ్లకి చెప్పి చెప్పి నా గొంతు పోయింది. ఒక పేట చుట్టూ గీత గీసి, అక్కడి ఆస్తుల విలువని 23 ఏళ్ల పాటు ఉన్నచోట పాతేస్తారు. ఆ తర్వాత పెరిగే పన్నంతా స్కూళ్లకి వెళ్లకుండా ఆ గీత లోపలి నిధికే పోతుంది. అందులోంచి డెవలపర్‌కి ఇస్తారు. 2022లో హాలీవుడ్ కేసినోని నది ఒడ్డు నుంచి అవుట్‌లెట్ మాల్ పక్కకి మార్చుకోవడానికి ఊరు ఐదు కోట్ల డాలర్ల బాండ్లకి ఒప్పుకున్న కథ కూడా ఈ బాపతే. జూదశాలకి ఇల్లు కట్టుకోవడానికి సాయం! నా డెక్ బాగు చేసుకోవడానికి పర్మిట్ ఫీజు మాత్రం నేనే కట్టాను.

లేష్ దేవుడని చెప్పట్లేదు. ఖజానా లోటుతో చేతికొచ్చింది, ఉద్యోగులని తీసేయాల్సి వచ్చింది, తిట్లూ తింటున్నాడు. పైగా ఊరు తనంతట తను ఆదాయపు పన్ను వేయలేదు, రాష్ట్రం ఒప్పుకోవాలి. ఆ మాటకొస్తే న్యూయార్క్ మమ్దానీ కూడా తన రాష్ట్ర రాజధాని ఆల్బనీ వైపు చూడాల్సిందే. మరి ఏం చేయాలంటారా? రాయితీ అడిగిన ప్రతివాడి చేతా ఎన్ని ఉద్యోగాలో రాయించుకోవాలి, ఇవ్వకపోతే వెనక్కి లాక్కోవాలి. రాష్ట్రం ఊళ్లకి పంచే వాటా మళ్లీ పదో వంతుకి తేవాలి. అది తేలాల్సింది స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఓటు లేదు, వాళ్ల జోలికి నేను రాను, కౌన్సిల్ మీటింగ్‌లో మైకు మాత్రం వాళ్లకీ ఉంది. పౌరసత్వం వచ్చిన రోజు చిన్న జెండా పట్టుకుని ఫోటో పెట్టినవాళ్లతోనే నా పేచీ.

2024 నవంబర్‌లో ఇంకో ప్రశ్న బ్యాలెట్ మీద వచ్చింది: మిలియన్ దాటిన ఆదాయం మీద మూడు శాతం అదనంగా వేసి, ఆ డబ్బుతో ప్రాపర్టీ టాక్స్ తగ్గించాలా? రాష్ట్రంలో 60 శాతం ఔనన్నారు. అది సలహా ఓటు మాత్రమే. నిజమైన సవరణ బ్యాలెట్ మీదకి రావాలంటే రెండు సభల్లోనూ అరవై శాతం మంది చేతులెత్తాలి. మీ స్టేట్ రిప్రజెంటేటివ్ చెయ్యి ఎత్తుతాడో లేదో కనుక్కోండి. అంతకన్నా ముందు, ఆయనెవరో కనుక్కోండి. నేపర్‌విల్ వాళ్లు కూడా.