రాబోయే సూది కోసం ఆగవద్దు

నానో కణాలతో క్యాన్సరును ఫొటో తీసే పరీక్షలు వస్తున్నాయని పేపర్లో చదివి, "ఇక ముక్క పరీక్ష ఎందుకు సిస్టర్, అవి వచ్చేదాకా ఆగితే పోలా?" అని మమ్మల్ని అడిగేవారున్నారు. ఆగవద్దన్నదే మా మాట.

నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. 2003లో అమెరికాలో డాక్టర్ ముఖేష్ హరిసింఘాని బృందం 80 మంది ప్రొస్టేటు క్యాన్సరు రోగులకు ఇనుప ఆక్సైడు నానో కణాలు ఎక్కించి, ఎం.ఆర్.ఐ. తీసి, మామూలు స్కానుకు అందని లింఫు గ్రంథుల్లోని వ్యాధిని కూడా గుర్తించింది. మంచి ఫలితమే. కానీ 20 ఏళ్ళు దాటినా ఆ మందు సాధారణ ఆసుపత్రులకు చేరలేదు.

ఈనాడు ఉన్న పరీక్షలు తక్కువవి కావు. రొమ్ము క్యాన్సరులో గడ్డ దగ్గర టెక్నీషియం కలిపిన నానో కొల్లాయిడు సూది వేస్తారు. అది చంకలోని మొదటి బిళ్ళకు చేరుతుంది. ఆపరేషనులో డాక్టరు ప్రోబుతో దానిని గుర్తించి, తీసి, పరీక్షకు పంపుతారు. అందులో వ్యాధి లేకపోతే మిగతా బిళ్ళలు తీయనవసరం లేదు. చేయి వాచే ప్రమాదం బాగా తగ్గుతుంది. బోదకాలు ఎరిగిన మన డెల్టా వారికి ఆ వాపు బాధ వేరే చెప్పాలా?

ఎముకలకు బోన్ స్కాన్ ఉంది. నరానికి టెక్నీషియం సూది వేసి, రెండు మూడు గంటలాగి ఒళ్ళంతా ఫొటో తీస్తారు. దాని రేడియో శక్తి 6 గంటలకొకసారి సగమవుతుంది. నీళ్ళు బాగా తాగితే చాలా భాగం మూత్రంలో పోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు మాత్రం ముందే చెప్పాలి. అయితే పాత దెబ్బ, కీళ్ళ అరుగుదల, చీము పట్టిన ఎముక కూడా ఆ స్కానులో కనబడతాయి. అందుకే ముక్క పరీక్ష తప్పదు. దానిని ఆపరేషన్ చేయబోయే డాక్టరు సలహాతోనే చేయించుకోండి.

మేము చూసిన ఆలస్యాలలో ఎక్కువ యంత్రాలు లేక జరిగినవి కావు. ఎముకలో పుట్టే క్యాన్సరు ఎదిగే పిల్లల్లో, మోకాలి చుట్టూనే ఎక్కువ. ఇబ్రహీంపట్నం, కొండపల్లి, మైలవరం వైపు తల్లిదండ్రులకు మా మనవి: బిడ్డకు మోకాలి దగ్గర వాపు ఉండి, రాత్రిళ్ళు నొప్పితో లేస్తుంటే, బెణికిందనుకుని రుద్దించి, కట్టు కట్టించి నెలలు గడపకండి. వెంటనే డాక్టరుకు చూపించి, ఒక్క ఎక్స్‌రే తీయించండి.