సంతాన నియమనము, రాజ్యాధికారము

జనసంఖ్యను అదుపుచేయు విషయమున ప్రభుత్వము సౌకర్యము కల్పింపవలెనే గాని శాసింపరాదనియు, మతమును సాకుగా జూపి ఆ సౌకర్యమును నిరాకరించుటయు అంతటి అన్యాయమేయనియు మా నిశ్చితాభిప్రాయము. ఇందుకు ఇరాను చరిత్ర చక్కని నిదర్శనము.

1979 విప్లవానంతరము ఆ దేశమున పూర్వపు కుటుంబ నియంత్రణ కార్యక్రమము మూలబడినది. ఇరాకుతో యుద్ధము సాగిన ఆ దినములలో అధిక సంతానము దేశసేవగా కొనియాడబడినది. 1986 జనగణనలో జనసంఖ్య ఐదు కోట్లకు చేరువ కాగా, చితికిన ఖజానాతో ఇందరికి బడియు, కొలువును ఎట్లు చూపగలమని పాలకులే కలవరపడి, 1989లో ఆ కార్యక్రమమును పునరుద్ధరించిరి. అడ్డుపడుదురనుకొన్న మతపెద్దలే గర్భనిరోధము ధర్మవిరుద్ధము కాదనిరి. ఇందు వింత లేదు. తొమ్మిది వందల యేండ్లకు పూర్వమే ఇమాం గజాలీ, భార్య ప్రాణమును గూర్చిన భీతిచేతను, అధిక సంతానభారమునకు వెఱచియు భర్త గర్భము నిరోధింపవచ్చునని వ్రాసియుండెను.

అయితే ఫత్వా వెలువడినంతనే పల్లెలో పని జరుగదు. ఆ పని చేసినది ‘బెహ్వర్జ్’ అను గ్రామారోగ్య కార్యకర్త. సాధారణముగా ఆ ప్రాంతపు ఆడుపడుచే యగు ఆమె, ఆరోగ్యగృహమున కూర్చుండి, ఏ యింట ఎందరు బిడ్డలో, ఎవరికి టీకా వేయవలసియున్నదో, ఏ తల్లికి మాత్రలు నిండుకొన్నవో పుస్తకమున వ్రాసికొని, రానివారి గుమ్మమునకు తానే పోయెడిది. పెండ్లికి ముందు వధూవరులిరువురును కుటుంబ నియంత్రణకు సంబంధించిన పాఠము వినవలసియుండెను. బాలికల చదువు పల్లెలకు ప్రాకుచుండగా, 1980 దశకమధ్యమున స్త్రీకి ఆరుగురికి మించియున్న సగటు సంతానము 2000 నాటికి ఇంచుమించు ఇద్దరికి దిగినది. నాల్గవ బిడ్డకు రాయితీలు తొలగించిన 1993 చట్టమును మాత్రము మేము సమర్థింపము. అది పుట్టిన పసికందును శిక్షించుట.

అదే రాజ్యము 2012లో నిధులు నిలిపి, 2021 చట్టముతో ప్రభుత్వ వైద్యశాలలలో గర్భనిరోధక సాధనముల ఉచిత పంపిణీని నిషేధించినది. గ్రంథములు మారలేదు, పాలకుల అవసరము మారినది. మతనిషేధమే సంతానసంఖ్యను నిర్ణయింపదనుటకు క్రైస్తవలోకమును సాక్షియే: 1968లో పోపు ఆరవ పాల్ కృత్రిమ సాధనములను నిషేధించినను, ఆయన పీఠమును చుట్టియున్న ఇటలీలోనే నేటి సగటు ఒకటిన్నర బిడ్డలకు లోపు.

మన దేశమున అపాయము మఠములనుండి గాక కచేరీలనుండి వచ్చినది. 1976-77లో ఎనుబది లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగినవి, లక్ష్యము చేరని ఉపాధ్యాయుల జీతములు సైతము నిలిపిరి. ఆ భయముచే పురుషులు తప్పుకొనగా భారమంతయు స్త్రీపై పడినది. 2014లో బిలాస్‌పూర్ చెంత ఒక శిబిరమున కొన్ని గంటలలో ఎనుబది మూడుగురికి ట్యూబెక్టమీ చేయగా పదిమందికి పైగా తల్లులు మరణించిరి. అట్టి శిబిరములను మూడేండ్లలో నిలిపివేయవలెనని 2016లో సుప్రీంకోర్టు ఆదేశింపవలసివచ్చెను.

ఇద్దరికి మించి బిడ్డలున్నచో స్థానిక ఎన్నికలకు అనర్హులన్న 1994 నాటి నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో రద్దుచేసినది, మంచిదే. కాని వెనువెంటనే, ఇక నెక్కువగా కనుడని నేతలు హితవు చెప్పుట మాకు రుచింపదు. ఆశా కార్యకర్త సంచిలో సాధనములు నిండుకొనకుండ చూడుడు. వేసెక్టమీ సులువైనదని మగవారికి నచ్చజెప్పు మనిషిని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున నియమింపుడు. ఎందరన్న ప్రశ్నను దంపతులకు, అందును ముఖ్యముగా మోయు స్త్రీకి, విడిచిపెట్టుడు.