అధికారి ఆడంబరము – క్రింది ఉద్యోగి సంసారము



పంటకు చీడ పట్టిన గుర్తులు మీకు తెలియును. కచేరీకి పట్టు చీడ యొకటి గలదు. తన పేరు, తన ఫోటో, తన గొప్ప తప్ప మరేమియు పట్టని అధికారియే అది.

అట్టివాని క్రింద విస్తరణోద్యోగి రోజెట్లు గడచునో చూచియే యుందురు. తెల్లవారి పొలములో నుండవలసినవాడు రాత్రి పది గంటలకు ఫోనులో వచ్చిన ఆజ్ఞలకు జవాబులిచ్చుచు మేలుకొని యుండును. ఆదివారము సమావేశము. అందు చర్చించునది పంట కాదు. దొరగారి సభకు వేదిక యెచ్చట, జనమును తెచ్చునదెవరు అన్నదే. బిడ్డకు జ్వరమని సెలవడిగినచో పనిపై శ్రద్ధలేనివాడను ముద్ర. పని చక్కబడిన పేరు పైవానిది, చెడిన సంజాయిషీ క్రిందివానిది.

కష్టించి పనిచేయించుట వేరు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినట్టి వేళ గంటలు లెక్కించుకొనుమని ఎవరును అనరు. కాని ఈ అధికారికి ప్రతిదినమును ఉప్పెనయే!

మనకేమి నష్టమందురా? వరిలో సుడిదోమ సంగతి చూడుడు. అది దుబ్బు మొదట, నీటికి కాస్త పైన చేరును, గట్టుమీదికి కానరాదు. నాట్లనాడే రెండు మీటర్లకొక కాలిబాట విడువుమని చెప్పి, తరువాత దుబ్బులు వంచి చూచి, మడిలో నీరు తీయించు మనిషి కావలెను. ఆ మనిషి సభకు కుర్చీలు వేయించుచున్నచో చేను సుడులు సుడులుగా మాడిపోవును. నిద్రలేనివాడు వచ్చినను గట్టుమీదనుండియే ఫోటో తీసికొని పోవును. పైవారడిగినది ఫోటోయే గదా!

1970 దశకములో డానియల్ బెనార్ రూపొందించిన శిక్షణ–సందర్శన పద్ధతిలో కార్యకర్త సాధారణముగా పక్షమున కొకసారి, ముందే నిర్ణయించిన దినమున, గ్రామమునకు రావలెను; ఇతర పనులు అతనిపై మోపరాదు. ఆ పద్ధతికి ఖర్చెక్కువ, బిగింపు నెక్కువ. అయినను అతడెన్నడు వచ్చునో రైతుకును, ఎన్నడింట నుండునో ఆలుబిడ్డలకును తెలియుటకు వీలుండెను. నా మట్టుకు, అందులో తిరిగి తెచ్చుకొనదగినది ఇదియే.

నాలుగెకరాల ఆసామియు తన జీతగానిపట్ల ఇట్టి అధికారియే కావచ్చును. అది మరొకప్పుడు వ్రాసెదను.

గ్రామోద్యోగులు తమ పర్యటన దినములను పంచాయతీ బోర్డుపై వ్రాసి యుంచుడు. రైతులారా, ఈసారి దండ వేయుటకు మిమ్ము పిలిచినచో వేయుడు, తప్పులేదు. వేసిన పిమ్మట ఆ వేదికమీదనే అధికారిని అడుగుడు: “బోర్డుమీద నున్న దినమున మా ఉద్యోగిని మరియొక పనికి పిలువకుందురా?”