మేబెల్ పేరు చెప్పండి

చాప్లిన్ టోపీ, మీసం, చేతికర్ర ఎరగనివాళ్లు లేరు. ఆ వేషం ఆయన మొదటిసారి కట్టిన సినిమాకు దర్శకురాలెవరో ఎందరికి తెలుసు? మేబెల్ నార్మండ్. అప్పటికామెకు 21 ఏళ్లు. 1914 నాటి ఆ మూకీ పేరు ‘మేబెల్స్ స్ట్రేంజ్ ప్రెడికమెంట్’. సినిమా పేరులోనే ఉన్న మనిషిని చరిత్రకారులు చూడలేకపోయారు! ఆ దర్శకత్వాన్ని ఏళ్ల తరబడి మగవాళ్ల ఖాతాలో రాశారు.

ఆ సినిమా చూడండి. హోటల్ గదిలో పైజమా వేసుకుని కుక్కపిల్లతో బంతాట ఆడుతుంది మేబెల్. బంతి వెంట బయటికొస్తే వెనక గది తలుపుకు తాళం పడిపోతుంది. వరండాలో తాగి తూలుతున్న చాప్లిన్. ఆమె గబుక్కున ఎదురుగదిలో దూరి మంచం కింద నక్కుతుంది. ఆ భయం, ఆ సిగ్గు, ఆ కంగారు ఒక్క మాట లేకుండా ముఖంలో పలికించింది. నవ్వించడం ఆమెకు ఎవరో పెట్టిన భిక్ష కాదు.

ఆ ఏడే ఆమె ‘మేబెల్ ఎట్ ద వీల్’ తీస్తుంటే, నాకు చెప్పే సత్తా నీకు లేదంటూ చాప్లిన్ రోడ్డు పక్కన కూలబడ్డాడు. ఈ సంగతి ఆయన ఆత్మకథలోనే ఉంది. ఎవరికి సత్తా లేదు? ఆమె అప్పటికి నాలుగేళ్లుగా సినిమాల్లో ఉంది. ఆయన వచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు! చిన్నపిల్ల చెబితే వినడం నామోషీ అయింది, అంతే.

1922లో దర్శకుడు విలియం డెస్మండ్ టేలర్ హత్య జరిగింది. ఆ సాయంత్రం మేబెల్ ఆయన్ను కలిసి వెళ్లింది. ఆమెపై ఏ నేరమూ మోపలేదు. హంతకుడెవరో ఈనాటికీ తేలలేదు. అయినా పత్రికలు ఆమెను వీధికీడ్చాయి. కొన్నిచోట్ల ఆమె సినిమాలు ఆపేశారు. చాప్లిన్ విడాకుల రచ్చ మాత్రం తక్కువా? ఆయనకు 1972లో గౌరవ ఆస్కార్ దక్కింది. ఆమె 1930లో, 37 ఏళ్లకే, క్షయతో కన్నుమూసింది. మగవాడికి మచ్చ మాసిపోతుంది, ఆడదానికి మచ్చే పేరైపోతుంది. ఇది అన్యాయం, పచ్చి అన్యాయం!

ఫిల్మ్ సొసైటీల్లో చాప్లిన్ మూకీలు వేసే మిత్రులారా, మీకొక్క మనవి. ‘మేబెల్స్ స్ట్రేంజ్ ప్రెడికమెంట్’ వేసేముందు ‘దర్శకత్వం: మేబెల్ నార్మండ్’ అని గట్టిగా చెప్పండి. అది ఆమెకు చేసే ఉపకారం కాదు, బాకీ తీర్చడం.